ఆవకాయ జాడీలో దండు

మా ఇంట్లో ఇనుము బతకదు. సముద్రం కనపడదు గానీ, దాని ఉప్పుగాలి మాత్రం పొద్దస్తమానం మాతోనే కాపురం చేస్తుంది. తోటపల్లి గూడూరు దాటి ఇటు వచ్చాక ఏ కిటికీ ఊచ పట్టుకున్నా చేతికి తుప్పు అంటుతుంది. అందుకే మా ఆయన సీసపు సిపాయిలను ఎందులో దాచాలన్నది మా ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి సాగిన తగువు.

ఆయన బోర్డులు రాసేవాడు. అంగళ్ల పేర్లు, పడవల పేర్లు, గోడల మీద ఎరువుల ప్రకటనలు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని ఊడ్చిపెట్టాయి. కుంచె పట్టనిదే ఆయనకు అన్నం సయించదు. ఆ రోజుల్లోనే రొయ్యల హేచరీలో పనిచేసే బుచ్చిరెడ్డిపాలెం ఆయన ఒకరు ఈ బొమ్మల యుద్ధం ఆట అంటించారు. బల్ల మీద పచ్చదుప్పటి పరిచి, దాని కింద పుస్తకాలు పెట్టి కొండలనుకుని, చిన్న చిన్న సిపాయిలను స్కేలుతో కొలిచి జరుపుతూ, పాచికలు వేసి యుద్ధం చేస్తారు. ఆ బొమ్మలు కొనే తాహతు మాకు లేదు. ఈయన చిరిగిన వలల నుంచి సీసపు గుండ్లు ఏరుకొచ్చి, కరిగించి అచ్చుల్లో పోసి, తన సైన్యాన్ని తనే తయారు చేసుకున్నాడు. ఒక్కొక్కడు వేలి కణుపంత ఉంటాడు. ఆ కణుపంత మనిషికి మీసం, తలపాగాకు జరీ అంచు, నడుముకు గళ్ల దట్టీ. పడవల మీద మూరెడు అక్షరాలు రాసిన చెయ్యి అంత సన్నంగా దిగగలదని నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

సైన్యం పెరిగేకొద్దీ నా వంటిల్లు తరిగింది. ముందు బిస్కెట్ల టిన్ను పోయింది, తర్వాత టీపొడి డబ్బాలు, ఆ తర్వాత పెళ్లికి మా అమ్మ పెట్టిన క్యారియర్. రంగు వేయనివాళ్లు కోడిగుడ్ల అట్టల్లో వరసగా నిలబడి తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్లు. ఒకరోజు నూనె కాగాక పోపుల డబ్బా మూత తీస్తే, ఆవాల గిన్నెలో గుర్రాలు, మెంతుల గిన్నెలో ఫిరంగులు.

"ఏందయ్యా ఇది? చారుకు పోపు పెట్టాల్నా, యుద్ధానికి పోవాల్నా?" అని అరిచాను.

"గిన్నెకొక దళం మే. కొలిచి చేసినట్టు సరిపొయ్యింది," అన్నాడు, తప్పు చేసినట్టే లేకుండా. నూనె మాడిపోయింది. ఆ డబ్బా మళ్లీ నా చేతికి రాలేదు. ఆవాలు పొట్లంలోనే కాలం వెళ్లదీశాయి.

తర్వాత ఆయన కుడిచేతికి వణుకు వచ్చింది. మొదట టీ గ్లాసు దగ్గర తెలిసింది. కొన్నాళ్లు ఆ చేతిని జేబులో దాచుకుని తిరిగాడు. నెల్లూరు డాక్టరు మందులు రాసి, ఇది తగ్గేది కాదు, ముదిరేదేనని ముఖం మీదే చెప్పాడు. ఇంటికొచ్చి కుంచెలన్నీ కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టేశాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఇక కొత్తది ఒక్కటీ రాదు. ఆయన చేతిపని అంటూ లోకంలో మిగిలింది ఆ డబ్బాల్లో ఉన్నదే.

అప్పటి నుంచి వాటి గురించి ఆయనకు భయం పట్టుకుంది. టిన్ను తుప్పు సిపాయిల పాదాలకు మరకలు వేసింది. అటక మీద మా అత్తగారి ఆవకాయ జాడీ ఉండేది. బీపీలు వచ్చాక మేము ఊరగాయలు మానేశాం.

"ఆ జాడీలో నువ్వు పెట్టిన ఆవకాయ ఎప్పుడన్నా చెడిందా మే?" అన్నాడు.

"నా ఆవకాయ చెడేదేంది?"

"అయితే వీళ్లను గూడా అందులోనే పెట్టు. నువ్వే పెట్టు, నీ చేత్తో."

ఆవకాయకు ఎంత శ్రద్ధ చేస్తానో అంతా చేశాను. జాడీని వేడినీళ్లతో కడిగి, చెమ్మ ఇగిరేదాకా ఎండలో బోర్లించాను. తుప్పు మరకలు పడని, బాగా కుదిరినవాళ్లనే ఆయన ఏరి ఇచ్చాడు. పొడి చేతులతో ఒక్కొక్కరినీ పాత చీర పేలికలో చుట్టి పేర్చాను. మూత బిగించి, పైన తెల్లగుడ్డతో వాసెన కట్టాను. ఆవకాయను ఊరేదాకా కదిలించొద్దన్నట్టే, వీళ్లను వచ్చే వేసవిదాకా కదిలించొద్దని ఆయనకు చెప్పాను. ఆ వానాకాలం వాయుగుండం పట్టి గోడలు సైతం చెమ్మెక్కాయి. ఆయన కుడిచేతిని ఎడంచేత్తో అదిమిపట్టుకుని అటక వైపు చూసి, "వాళ్లు మాత్రం హాయిగా ఉండారు," అనేవాడు. ఆ మాటకు నేను గర్వపడ్డాను కూడా.

మామిడికాయలు వచ్చాక జాడీ దించాం. మూత తీస్తే పేలికల మీద తెల్లటి పొడి. బూజేమో అనుకున్నాను. చుట్టు విప్పితే రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి ఉంది, లోపల సీసమంతా సున్నమైపోయింది. మీసాలు లేవు, ముఖాలూ లేవు. ఆయన అలవాటుకొద్దీ పాదాల దగ్గర పట్టుకుని ఒకడిని లేపాడు. వాడు మోకాళ్ల దగ్గర విరిగి, పై మనిషి గుడ్డలోనే ఉండిపోయాడు. అడుగుదాకా విప్పాం. ఒక్కడు మిగల్లేదు.

హేచరీ ఆయనకు ఫోన్ చేశాను. "సీసానికి పులుపు పడదక్కా," అన్నాడు. "ఎంత కడిగినా ఇన్నేళ్ల పులుపు జాడీ పగుళ్లలో ఉండిపోతాది. గాలాడకుండా మూసేస్తే ఆ ఆవిరే లోపల తినేస్తాది. ఊరికే బయట పడేసున్నా బతికేవి. ఆ పొడి విషం, చేత్తో ముట్టుకోబాకండి. ఆ జాడీలో ఇంక తినేదేదీ పెట్టబాకండి."

కంచే చేను మేసింది. ఇందులో తప్పెవరిదని చాలా వెతికాను. దొరికితే బాగుండేది, కూర్చుని తిట్టడానికి ఒకరుండేవారు. గుడ్ల అట్టల్లో ఎవరికీ పట్టని, రంగెరుగని సిపాయిలు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండింది.

"అట్టల్లో వాళ్లకు రంగెయ్యకూడదా, మెల్లిగా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. ఆయన కుడిచెయ్యి నా ముందుకు చాపాడు. అది ఆగుతుందేమోనని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఆగలేదు.

ఆ పొడిని పారబోయనివ్వలేదు ఆయన. చెయ్యి తగలకుండా అన్నీ ఆ పేలికల్లోనే చుట్టి తిరిగి జాడీలోనే పెట్టాను.

మొన్న పక్కింటి కోడలు వచ్చింది. ఆవకాయల రోజుల్లో జాడీలు ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి పోవడం మా వీధిలో మామూలే. తిరిగి వచ్చేటప్పుడు అడుగున కాస్త ఊరగాయతో వస్తాయి.

"అత్తా, మీ పెద్ద జాడీ ఖాళీగానే ఉండాది గదా, ఈ ఏడు మాకిస్తారా?" అంది.

"ఖాళీగా లేదమ్మా," అన్నాను.

ఊరగాయ మానేసిన ఇంట్లో జాడీ ఖాళీగా లేదంటే ఎవరు నమ్ముతారు? పిసినారిదాన్ని అనుకుంటూ వెళ్లిపోయి ఉంటుంది. లోపల మంచం మీద ఆయన అంతా విన్నాడు.

"వాసెన గట్టిగా కట్టినావా మే?" అని అడిగాడు.

కట్టానన్నాను.