పన్నెండంటే ఏ పన్నెండు

ఆ వర్క్‌షాపులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మేనేజరు దగ్గర్నుంచి లారీ డ్రైవరు దాకా అందరికీ ఆమె స్టోరక్కే. ఇరవై రెండేళ్ళుగా స్టోరు కిటికీ వెనక ఎత్తుపీట మీద కూర్చుని బోల్టులూ నట్లూ అందిస్తోంది. కళ్ళు మూసుకుని డబ్బాలో చెయ్యి పెట్టినా ఇది పావంగుళం, ఇది అరంగుళం అని చెప్పేయగలదు. నోరు మాత్రం కాస్త పెద్దది. చీటీ లేకుండా ఆమె చేతిలోంచి ఒక్క వాషరు కూడా రాలదు, మేనేజరు వచ్చి బతిమాలినా అంతే.

ఆ షాపులో తయారయ్యేవి ఎత్తైన భవనాల అద్దాలు తుడవడానికి పైనుంచి వేలాడదీసే ఇనప తొట్లు. తొట్టిలో ఇద్దరు నిలబడతారు. భవనం పైకప్పు మీంచి రెండు ఇనప దూలాలు బయటికి చాచి ఉంటాయి, వాటి తాళ్ళకి తొట్టి వేలాడుతుంది. ఒక్కో దూలాన్ని రెండేసి బోల్టులు పట్టుకుని ఉంటాయి. అంటే తొట్టికి నాలుగు బోల్టులు, ఇద్దరు మనుషులు. ఆ మనుషుల్లో ఒకడు స్టోరక్క తమ్ముడు. తల్లి పోయాక ఆమె చేతుల మీదే పెరిగాడు. ఆ పనిలో వాణ్ణి కుదిర్చిందీ ఆమే.

కొలతల గొడవ మొదలై అప్పటికి ఏడాది. అంగుళాలు మానేసి మిల్లీమీటర్లలోకి మారాలని పైనుంచి కాగితం వచ్చింది. షాపు రెండు ముక్కలైంది. అంగుళాల పక్షానికి పెద్ద మేస్త్రి నాయకుడు, మిల్లీమీటర్ల పక్షానికి స్టోరక్క. ఆమెకి ఇందులో సిద్ధాంతమేమీ లేదు. ప్రతి సరుకూ రెండు రకాలుగా దాచి దాచి విసుగెత్తిపోయింది, అంతే.

క్యాంటీన్లో మీటింగు పెట్టారు. మేస్త్రి లేచి, "అంగుళాన్ని సగం చెయ్యండి, మళ్ళీ సగం చెయ్యండి, ఇంకోసారి సగం చెయ్యండి. కాగితం అక్కర్లేదు, కన్ను చాలు. ఆ మిల్లీమీటర్ని సగం చేసి చూపించమనండి ఎవర్నైనా" అన్నాడు.

స్టోరక్క ఊరుకుంటుందా? "అలాగైతే మూడు పదహారో వంతులకి ఏడు ముప్పైరెండో వంతులు కలిపి చెప్పు మేస్త్రీ, కాగితం లేకుండా" అంది.

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టకుండానే, "పదమూడు ముప్పైరెండో వంతులు" అన్నాడు.

క్యాంటీనంతా గొల్లుమంది. స్టోరక్క మొహం కందిపోయింది. చివరికి మేనేజరు గోడ మీద పిల్లిలా తీర్పు చెప్పాడు. పాత సరుకు అయిపోయేదాకా రెండూ నడుస్తాయట, తర్వాత మిల్లీమీటర్లేనట. రెండూ నడిస్తే కొంప మునుగుతుందని ఆ గదిలో స్టోరక్కకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఒక్కమాట అనాల్సింది. కనీసం డబ్బాల మీద కొత్త చీటీలైనా అంటించాల్సింది. పంతానికి పోయి ఆ రెండూ చెయ్యలేదు. వాళ్ళే వెతుక్కుని చావనీ అనుకుంది. సరిగ్గా ఆ మాటే అనుకుంది.

ఇక్కడ ఆ షాపు భాష ఒకటి చెప్పాలి. అరంగుళం బోల్టు మీద అంగుళానికి పన్నెండు మరలుంటాయి. అందుకని పాతవాళ్ళు దాన్ని 'పన్నెండు' అనేవారు. కొత్తవాళ్ళకి పన్నెండంటే పన్నెండు మిల్లీమీటర్లు. రెండింటికీ మందంలో తేడా గోరంత కూడా లేదు. ఆ నట్టు ఈ బోల్టుకి పెడితే చేత్తోనే రెండు మూడు చుట్లు ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది. పానాతో ఇంకాస్త తిప్పితే భేషుగ్గా కూర్చున్నట్టే ఉంటుంది. నిజానికి మరలు ఒకదాన్నొకటి పట్టుకోవు, అంచులు కొరుక్కుంటాయి, అంతే. బరువు పడ్డాక ఎంతసేపు ఆగుతుందో దాని ఇష్టం.

ఓ ఉదయం కొత్త ఫిట్టరు కిటికీ దగ్గరికొచ్చాడు. వేరే కంపెనీలో పదేళ్ళు చేసి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. సైటుకి కొత్త బోల్టులు పెట్టెతో సహా వచ్చాయి గానీ నట్లు తక్కువ పడ్డాయన్నాడు. చీటీ మీద 'నట్లు 12 – ఎనిమిది' అని రాసి ఉంది. స్టోరక్క చీటీ చూసింది, చెయ్యి తన దారిన తాను పాత డబ్బాలోకి వెళ్ళింది. ఎనిమిది లెక్కపెట్టి ఇచ్చింది. ఆయన థ్యాంక్సు చెప్పి వెళ్ళిపోయాడు.

పదకొండున్నరకి పెద్ద మేస్త్రి వచ్చాడు, మెషీనుకి పన్నెండు నట్లు నాలుగు కావాలని. డబ్బా ముందుకి లాగితే అడుగు కనిపిస్తోంది.

"నిన్న డజను దాకా ఉన్నాయి కదా, ఎవడు ఊడ్చుకెళ్ళాడు?" అన్నాడు.

"కొత్త ఫిట్టరుకిచ్చా, ఎనిమిది."

"వాడికివి ఎందుకు? వాడి సరుకంతా మిల్లీమీటర్లేగా" అన్నాడు మేస్త్రి. అని, ఆగిపోయాడు.

ఏ సైటుకో స్టోరక్కకి తెలుసు. నాలుగు వీధుల అవతల పద్నాలుగు అంతస్తుల ఆఫీసు. తమ్ముడు పొద్దున ఇంట్లో చెప్పే బయల్దేరాడు.

తమ్ముడికి ఫోను చేసింది. పైకెక్కేటప్పుడు ఫోన్లు కిందే పెట్టాలని రూలు, ఎవరూ ఎత్తలేదు. ఫిట్టరుకి చేసింది. ఆయన పని ముగించుకుని బండి మీద ఎటో పోతున్నట్టున్నాడు, మోగి మోగి ఆగిపోయింది. మేస్త్రి అప్పటికే స్కూటరు తీశాడు. "ఎక్కు" అన్నాడు. ఏడాదిగా ఎడమొహం పెడమొహంగా ఉన్న మనిషి వెనక ఆమె ఎక్కి కూర్చుంది.

భవనం ముందు దిగి తలెత్తి చూస్తే తొట్టి తొమ్మిదో అంతస్తు దగ్గరుంది. తమ్ముడు నీలం చొక్కాలో తాపీగా అద్దం తుడుస్తున్నాడు. కేకెయ్యబోతే మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"దింపమనకు. మోటారు కుదుపుకే పోతుంది. కదలకుండా కిటికీలోంచి లోపలికి లాగెయ్. నేను పైకెళ్ళి దూలాల్ని తాళ్ళతో కట్టేస్తా."

గేటు దగ్గర కాపలా ఆయన పాసు చూపించమన్నాడు. స్టోరక్క ఆయన్ని ఏమందో తర్వాత ఆమెకే గుర్తులేదు. ఆయన మాత్రం తాళాల గుత్తి పట్టుకుని లిఫ్టులో వెంట వచ్చాడు.

తొమ్మిదో అంతస్తులో బల్లల మధ్య నుంచి పరుగెత్తుతుంటే ఆఫీసువాళ్ళు కుర్చీలు జరుపుకుని చూశారు. కాపలా ఆయన కిటికీ తాళం తీశాడు. తమ్ముడు అవతల్నించి నవ్వాడు.

"ఏంటక్కా, క్యారియర్ తెచ్చావా?"

"మాట్లాడకు. బెల్టు కొక్కెం తగిలించి ఉందా?"

"ఉంది. ఏమైంది?"

"తప్పు నట్లు ఇచ్చాను. దూలాలు ఊడొచ్చు. అడుగు గట్టిగా వెయ్యకుండా ఇటు రా."

తమ్ముడి మొహంలో నవ్వు ఆరిపోయింది. తొట్టిలో పక్కనున్న పెద్దాయన కిటికీకి దగ్గరగా ఉన్నాడు, న్యాయంగా ముందు ఆయన రావాలి. ఆమె ఆయన భుజం మీంచి చెయ్యి చాపి తమ్ముడి కాలరే పట్టుకుంది. తొట్టి కిర్రుమంది. వాడు కిటికీ గట్టు మీదుగా లోపలికి దొర్లాడు. ఆ తర్వాత పెద్దాయన వచ్చాడు, ఎవరి సాయం లేకుండా, తన మోకాళ్ళ మీద తానే.

స్టోరక్క నేల మీద కూలబడి తమ్ముడి తడి చొక్కా పట్టుకుని ఏడ్చింది. తిట్టింది. ఎవరో నీళ్ళిస్తే వాడి చేత తాగించి, మొహం తుడిచి, చేతులూ కాళ్ళూ తడిమి చూసింది. "నాకేం కాలేదే అక్కా" అని వాడు అంటూనే ఉన్నాడు, ఆమె తడుముతూనే ఉంది. అలా పది నిమిషాలు గడిచాయి.

ఫోను మోగింది. పైకప్పు మీంచి మేస్త్రి.

"రెండు దూలాలూ కట్టేశా. నట్లు చూశా, మనం అనుకున్నదే. ఒకటి చేత్తో తిప్పితేనే ఊడొచ్చింది, లోపలంతా ఇనప రజను. కానీ ఇక్కడున్నవి నాలుగే. నువ్వెన్నిచ్చావు?"

వెనక వైపు ఇంకో తొట్టి ఉంది. ఈ వారం రెండు వైపులా ఒకేసారి తుడుస్తున్నామని తమ్ముడు రాత్రి అన్నం తింటూ చెప్పాడు. మేస్త్రికి తెలీదు. ఆమెకి తెలుసు. స్టోరు దగ్గర తెలుసు, స్కూటరు మీద తెలుసు, గేటు దగ్గర తెలుసు. ఒక్కసారైనా తలపుకి రాలేదు.

"ఎనిమిది," అంది. "వెనకాల. వెనక్కి పరుగెత్తు."

ఆమె, తమ్ముడు, కాపలా ఆయన ఆ అంతస్తంతా దాటుకుని వెనక వైపు కిటికీ దగ్గరికి చేరేసరికి పైన ఏదో ఠప్పుమంది. తొట్టి ఒక పక్కకి ఒరిగింది. బకెట్టు జారి కిందికి పోయింది, అది నేలకి తగిలిన చప్పుడు ఎంతసేపటికో వినిపించింది. ఒకడు తొట్టి కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు. రెండోవాడు బెల్టు తాడుకి వేలాడుతూ గోడకి కొట్టుకున్నాడు. ఇద్దర్నీ లోపలికి లాగడానికి ఐదుగురు పట్టారు. గోడకి కొట్టుకున్నవాడి భుజం ఎముక రెండు చోట్ల విరిగింది.

విచారణలో మేనేజరు కొత్త ఫిట్టరు చీటీని తప్పు పట్టబోయాడు. స్టోరక్క పడనివ్వలేదు. చీటీ సరిగ్గానే ఉంది, చదివిన కళ్ళే పాతవి, డబ్బాల మీద పేర్లు రాయకపోవడం తన పంతమేనని చెప్పి సంతకం పెట్టింది. మర్నాడు పెద్ద మేస్త్రి ఎవరూ చెప్పకుండానే అంగుళాల డబ్బాలన్నీ తన చేతులతో మోసుకెళ్ళి తుక్కులో పోశాడు. గెలుపూ ఓటమీ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తే మొహం ఎవరికుంది గనక.

నెల తర్వాత ఆ భుజం విరిగిన మనిషి స్టోరు కిటికీ దగ్గరికొచ్చాడు. చెయ్యి మెడకి వేలాడగట్టి ఉంది. వెంట భార్య కూడా ఉంది.

"నువ్వు కనిపెట్టి పరుగెత్తుకు రాబట్టి బతికామక్కా. ఒకసారి కనిపించి పోదామని వచ్చాం" అన్నాడు. భార్య చేతులు జోడించింది.

సరేనని తలూపితే అయిపోయేది. తమ్ముడూ చెప్పడు, మేస్త్రీ చెప్పడు. స్టోరక్క పీట మీంచి దిగి నిలబడింది.

"నాకు దణ్ణం పెట్టకమ్మా," అంది. "మీ వైపు తొట్టి ఉందని నాకు ముందే తెలుసు. మా తమ్ముణ్ణి లాగాక పది నిమిషాలు వాడి దగ్గరే కూర్చున్నాను. మీ ఆయన నాకు గుర్తుకే రాలేదు. ఆ పది నిమిషాల్లో వచ్చి ఉంటే ఈ చెయ్యి విరిగేది కాదు."

భార్య జోడించిన చేతులు దించేసింది. స్టోరక్క తిట్టు కోసం కాచుకుని ఉంది. తిడితే బావుణ్ణని కూడా అనుకుంది.

"మీ తమ్ముడికి దెబ్బలేం తగల్లేదు కదక్కా?" అని అడిగాడు అతను.