ఆయన మానలే, మాన్పిచ్చిన్రు

టీవీల రాత్రిపూట ప్రోగ్రాం చేసే పెద్దాయన రిటైర్ అయితున్నడని నాకు మొదట చెప్పింది మా ఓనరాంటీ. మీర్‌పేట్‌ల వాళ్ళింట్ల కింది పోర్షన్‌ల మేం కిరాయికుంటం. మాది నల్లగొండ దిక్కు, ఆమెది గుంటూరు దిక్కు. మొదట్ల ఆమె మాటకు నేను, నా మాటకు ఆమె నవ్వుకునేటోళ్ళం. మమ్మల్ని దగ్గర చేసింది ఆ ప్రోగ్రామే.

నేను దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక చీరల షాపుల బిల్లింగ్ కౌంటర్ మీద పని చేస్త. షాపు మూసి, బస్సు దొరికి, ఇల్లు చేరేసరికి గల్లీ అంత పండుకుంటది. మా ఆయన లారీ డ్రైవరు. బాటసింగారం మార్కెట్‌కు పండ్ల లోడు తెచ్చే రోజులల్ల ఇంట్ల ఉండడు. ఒక్కదాన్నే తినబుద్ధి గాక కంచం పట్టుకొని పైకి పోయేదాన్ని. ఆంటీ, నేను ఆ ప్రోగ్రాం చూసుకుంట కూసునేటోళ్ళం. చాన ఏండ్లు గట్లనే గడిచింది.

ఆ ప్రోగ్రాంల సెట్టింగులేం లెవ్వు. ఒక బల్ల, ఒక ఫోను, ఆయన. చూసేటోళ్ళు ఫోన్ చేసి మోరీ పొంగుతుందనో, పింఛను ఆగిందనో చెప్పుకునేటోళ్ళు. ఆయన నడుమల అడ్డం రాకుంట మొత్తం ఇని, "సరే, అడుగుదాం" అని ఆ పని చూసే సారుకు అప్పటికప్పుడే ఫోన్ కలిపేటోడు. శానమంది ఎత్తేటోళ్ళే కాదు. ఎత్తినోళ్ళు నిద్రమత్తుల నిజం చెప్పేటోళ్ళు! మా గల్లీల మోరీ మీద మూత లేక ఒక ముసలాయన పడి కాలిరగ్గొట్టుకుంటే ఆంటీయే ఫోన్ చేసింది. రెండు రోజులకే మూత ఒచ్చింది.

అసొంటాయన "వయోభారం, అనారోగ్యం" వల్ల సెలవు తీసుకుంటున్నడని టీవీ కింద అక్షరాలు ఉరికినయి. ఎల్.బి.నగర్‌ల ఫంక్షన్ హాల్‌ల సన్మానమట, ప్రేక్షకులందరు రావాల్నట.

"అనారోగ్యం ఏంటమ్మా?" అన్నది ఆంటీ. "నిన్న కూడా ఒక ఆఫీసర్ని పట్టుకుని కడిగి ఆరేశాడుగా! ఎవరికో గుచ్చుకుని ఉంటుంది, అదీ అనారోగ్యం."

షాపుల సెలవు పెట్టి ఆంటీతోటి పోయిన. హాలు నిండ మా అసొంటోళ్ళే. ఆటో నడిపేటోళ్ళు, దవాఖానల డ్యూటీ చేసేటోళ్ళు, చర్చి నుంచి నేరుగ ఒచ్చినోళ్ళు. చెవులకు మైకు పెట్టుకున్న టీవీ వాళ్ళ పిల్ల ఒకతి ముందుకొచ్చి, తను చెయ్యెత్తితే చప్పట్లు కొట్టాలె, దించితే ఆపాలె అని నేర్పింది. ఒక్కసారి తప్పు కొడితే మళ్ళ కొట్టిచ్చింది. అప్పుడే నాకు మండింది.

స్టేజీ మీద ఒకలెనక ఒకలు మాట్లాడిన్రు. ఒక్కలు గూడ ఆ ప్రోగ్రాం చూసినట్టు లేరు. ఒకాయనైతే, "తెలుగు ప్రజలకు నవ్వులు పంచిన హాస్యమూర్తి" అన్నడు. శాలువ మీద శాలువ కప్పుతుంటే పెద్దాయన మెడ కనపడుతలేదు. ఆఖరికి మైకు ఆయనకిస్తరేమో అనుకుంటే, ఎవరో కొత్త పిల్లగాని చేతుల పెట్టిన్రు. ఆ టైముకు ఇగ మీదట జాతకాలు, ఉంగరాల రాళ్ళ ప్రోగ్రామట. చప్పట్లు నేర్పిన పిల్ల చెయ్యెత్తింది.

చప్పట్లు మొదలుగాక ముందే ఆంటీ లేచి నిలబడ్డది.

"ఆయన్ని మాట్లాడనివ్వరా?"

"ఆంటీ, కూర్చోండి. షూటింగ్ నడుస్తుంది" అన్నది ఆ పిల్ల.

"నడవనీ. మేం ఆయన మాట వినడానికి వచ్చాం. రాళ్ళు కొనుక్కోడానికి కాదు."

నేను గూడ లేచిన. ఎనకనుంచి ఇంకొందరు లేచిన్రు. "మైకియ్యుండ్రి! మైకియ్యుండ్రి!" అని లొల్లయింది. పెద్దాయనే శాలువలన్ని తీసి కుర్చీల పెట్టి, మైకు లేకుంటనే మెట్లు దిగి మా దగ్గరికొచ్చిండు. దగ్గరినుంచి చూస్తే మనిషి ఉషారుగనే ఉన్నడు. గొంతు ఖణీమంటున్నది.

"మీకు పానం బాగలేదంట కద సార్?" అని అడిగిన.

"మంచిగనే ఉన్న తల్లీ."

"మరి ఎందుకు ఒప్పుకున్నరు? మా అందరి కోసం ఆఫీసర్లను అడిగినోళ్ళు, మీ కోసం ఎందుకు అడగలే?"

ఆయన మొకం చిన్నగయింది. "నాతోని పనిచేసే పిల్లలున్నరు. నేను లొల్లి పెడితే వాళ్ళ నౌకర్లు గూడ పోతయి. 'నేనే పోతున్న' అని చెప్పుమన్నరు ఛానలోళ్ళు. చెప్పిన."

ఆయన తప్పు లేదని తెలుసు. అయినా ఆయన మీద గూడ కోపమొచ్చింది. ఇంకేదో అందామనుకునేలోపల ఇద్దరు మనుషులొచ్చి, భోజనాలకు టైమైందని ఆయనను భుజం పట్టి తీస్కపోయిన్రు.

మళ్ళ ఆదివారం నాడు ఆ సన్మానం టీవీల ఏసిన్రు. ఆంటీ లేచి అడిగిన ముచ్చట లేదు. మేమందరం లేచి నిలబడ్డది మాత్రం ఉన్నది. కింద "కన్నీటి వీడ్కోలు, లేచి నిలబడి గౌరవించిన అభిమానులు" అని రాసిన్రు. నా మొకం దగ్గరికి తెచ్చి చూపెట్టిన్రు. ఆ హాల్‌ల పంకాలు తిరుగక నేను కొంగుతోటి చెమట తుడుసుకుంటున్న. దానికి ఏడుపు మ్యూజిక్ పెట్టిన్రు.

"చూడమ్మా, నా కోపాన్ని గౌరవం చేసేశారు!" అని ఆంటీ రిమోట్ సోఫా మీదికి ఇసిరేసింది. తెల్లారి కేబులాయనను పిలిచి ఆ ఛానల్ పీకెయ్యమన్నది. "అది ప్యాక్‌ల ఒస్తది మేడం, ఒక్కటే తియ్యరాదు" అన్నడు. అయితే ప్యాకే ఒద్దన్నది. ఆమె సీరియళ్ళు గూడ పోయినయి. అయినా మాట మార్చలే.

షాపుల ఇప్పటికి ఎవలో ఒకలు అడుగుతనే ఉంటరు, టీవీల ఏడ్చింది నువ్వే కద అని. ఏడ్వలే, అక్కడ కొట్లాడినం అని అందరికి మొదటినుంచి చెప్త. కొందరు ఇంటరు. కొందరు "అయ్యో, ఆయనిక రాడా?" అని, నా మాట సగంల ఉండంగనే చీర రంగు చూసుకుంటరు. రాడు. ఆయన పోలేదు, పంపిన్రు. ఆ సంగతి టీవీల రాకున్నా, బిల్లు కొట్టుకుంటనే నేను చెప్తనే ఉన్న.