పడుకున్న మనిషి పట్టే లిఫ్టు

ఆఫీసులో ఆమెను అందరూ స్కేలమ్మ అనేవారు. ఇరవై రెండేళ్లుగా ఎత్తైన భవనాలకు ప్లాన్లు గీస్తోంది. చుట్టాలింటికి వెళ్లినా వంటగది గట్టు ఎత్తు కొలిస్తే గానీ కుదురుగా కూర్చునేది కాదు. "నీకిదేం పిచ్చే!" అని అత్తగారు నవ్వేది.

ఆ అత్తగారు ఒక ఉదయం పదకొండో అంతస్తులోని తమ ఫ్లాటులో కన్నుమూసింది. పడుకోబెట్టి దింపుదామంటే లిఫ్టులో పట్టలేదు, మెట్ల దగ్గర మలుపు తిరగలేదు. చివరికి కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటితో కట్టి లిఫ్టులో దింపారు. ఐదో అంతస్తులో తలుపు తెరుచుకుంది. కూరగాయల సంచితో నిలబడ్డ ఒకావిడ, "మామ్మగారికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. స్కేలమ్మ భర్త, బస్సు డ్రైవరు, గోడవైపు తిరిగిపోయాడు. స్కేలమ్మ తలుపు మూసే బటన్ నొక్కింది.

ఆ భవనం ప్లాను గీసింది తనే. లిఫ్టు కుదించి ఒక్కో ఫ్లాటుకు ఒక అలమర కలిపినందుకు అప్పట్లో ఆర్కిటెక్టు చేత శభాష్ అనిపించుకుంది కూడా.

కొన్నాళ్లకు ఆఫీసుకు కొత్త పని వచ్చింది. రెండు వందల పెంకుటిళ్ల వాడను పడగొట్టి, అక్కడి వాళ్లకే ముప్పై అంతస్తుల భవనం కట్టాలి. స్కేలమ్మ మూడు ఆదివారాలు ఆ వాడలో తిరిగింది. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, పెళ్లయినా చావయినా సందులో ఎంత మేర జనం నిండుతారో కొలుచుకుంది. పడుకున్న మనిషి పట్టే లిఫ్టు ఒకటి, ఐదంతస్తులకో హాలు గీసింది.

"ఏంటమ్మా ఇది? ఇంత చోటు ఖాళీగానా?" అన్నాడు ఆర్కిటెక్టు.

"ఖాళీ కాదు సార్. వాళ్లకి ఇప్పుడున్న సందు అది."

"బిల్డరు ఒప్పుకోవాలి కదా!"

బిల్డరు మీటింగులో వేరే బొమ్మ చూపించాడు. "వాళ్ల తలుపుల మీది నగిషీలన్నీ ముందు గోడ మీదికి తెచ్చాం. వాళ్ల సంస్కృతికి ఇంతకంటే మర్యాద ఏముంటుందండీ?"

స్కేలమ్మకు ఒళ్లు మండిపోయింది. "నగిషీల మీద శవాన్ని పడుకోబెట్టలేం కదండీ!" అనేసింది. ఆర్కిటెక్టు బల్ల కింద ఆవిడ కాలు తొక్కాడు.

లిఫ్టు మాత్రం దక్కింది, అదీ అగ్నిమాపక అధికారి స్ట్రెచర్ పట్టాలని పట్టుబట్టడం వల్ల. ఆరు హాళ్లు మూడయ్యాయి, మూడు ఒకటయింది, ఆ ఒక్కటీ బిల్డరు ఆఫీసయింది. ఒక్కో మీటింగు తరవాతా ఒక్కో హాలును చెరిపింది స్కేలమ్మే. చెయ్యనంటే ఇంకొకరు చేస్తారని ఆమెకు తెలుసు.

జనం చేరిన ఏడాదికి చూద్దామని వెళ్లింది. వాడలో పరిచయమైన దర్జీ ఆవిడ గుర్తుపట్టి లోపలికి పిలిచింది.

"లిఫ్టు మంచిదమ్మా. మా ఆయన్ని పడుకోబెట్టే దింపాం," అంది. "దింపాకే, ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కార్ల మధ్య పెట్టాం. ఎవరో వెనకనుంచి హారన్ కొట్టారు."

స్కేలమ్మ ఇంటికొచ్చి, ఏ పాపం ఎరగని భర్త మీద అరిచింది.

"హాలు తీసేసింది నేనా ఏంటి?" అన్నాడాయన.

"నేను," అంది స్కేలమ్మ, చెప్పులైనా విప్పకుండా.