వేడినీళ్ళు బయటపెట్టిన జబ్బు

నా తెలివితక్కువతనం ముందే ఒప్పేసుకుంటాను. మనిషిని ఉడికించడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి కాగిన నీళ్ళు, రెండోది బావమరిది మాటలు. జపాన్‌లో ఒక కొండ ఊళ్ళో నేను రెండింట్లోనూ ఒకేసారి దిగాను. అప్పటికి ఎనిమిది నెలలుగా నా ఒళ్ళు నాకేదో చెబుతూనే ఉంది. నేనే వినిపించుకోలేదు.

మొదటిసారి తేడా అనిపించింది ఒక సోమవారం పొద్దున. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ మెట్లు దిగి కారు దగ్గరికి నడుస్తుంటే కుడి అరికాలి కింద సాక్సు మడతపడినట్టు ఉంది. కారెక్కి షూ విప్పి చూశాను. సాక్సు బాగానే ఉంది, మడత కాల్లోనే ఉంది. మీటింగుకి ఆలస్యమవుతోందని మళ్ళీ షూ తొడుక్కుని వెళ్ళిపోయాను. రెండు వారాలకి ఆ మడత దానంతటదే పోయింది. పీడా పోయిందనుకున్నాను.

తర్వాత అలసట వచ్చింది. ఆఫీసు అలసట వేరు, ఇది వేరు. ఎనిమిది గంటలు పడుకుని లేచినా తడిసిన బొంత కప్పుకుని నడుస్తున్నట్టు ఉండేది. మధ్యాహ్నం రెండయ్యేసరికి లాప్‌టాప్ మూత కూడా బరువే. ఇండియన్ స్టోర్‌కి వెళితే బియ్యం బస్తా ఎత్తడం సంగతి అటుంచి, ఏ బస్తా కొనాలో తేల్చుకునే ఓపిక ఉండేది కాదు. మా ఆవిడ మాధవి పోరు పెడితే బ్లడ్ టెస్ట్ చేయించుకున్నాను. విటమిన్ డి తక్కువన్నారు. ఇర్వింగ్ తెలుగువాళ్ళలో అది ఎవరికి ఎక్కువ గనక? మాత్రలు తెచ్చుకుని ఊరుకున్నాను. అరికాలి సంగతి డాక్టరుకీ చెప్పలేదు, మాధవికీ చెప్పలేదు. పోయినదాన్ని పిలవడం ఎందుకని.

మాధవి తమ్ముడు కిరణ్ కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"బావా, నీది బర్నవుట్. జపాన్ కొండల్లో హాట్ స్ప్రింగ్స్ ఊళ్ళున్నాయి. నాలుగు రోజులు నానబెడితే సెట్ అయిపోతావ్. బుక్ చేసేస్తున్నా."

"నేనేమన్నా మినప్పప్పునా నానబెట్టడానికి?"

"పప్పే కదా బావా నువ్వు."

వేడినీళ్ళకి లొంగని జబ్బు ఉంటుందని నా పెంపకంలో ఎవరూ చెప్పలేదు. జలుబు చేసినా, నడుం పట్టినా, చివరికి పరీక్షలో మార్కులు తగ్గినా మా అమ్మ చేసేది ఒకటే, వేడివేడిగా తలంటు పోయడం. సరేనన్నాను.

టోక్యో నుంచి రైల్లో కొంత దూరం, తర్వాత బస్సులో మలుపులు తిరుగుతూ కొండ మీదికి ముగ్గురం వెళ్ళాం. అక్టోబరు చలి. లోయలో ఏరు, దానికి రెండు పక్కలా నల్లబడిన చెక్క ఇళ్ళు, రోడ్డు వార కాలువల్లోంచి ఆవిరి. ఊరంతా ఉడికిన కోడిగుడ్డు వాసన. సత్రంలో గడప దగ్గరే చెప్పులు విప్పించి, కట్టుకోవడానికి నూలు అంగీలు ఇచ్చారు. జనం ఆ అంగీలతోనే, చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ ఒక స్నానశాల నుంచి ఇంకో స్నానశాలకి తిరుగుతున్నారు. సత్రానికి ఎక్కాల్సిన మెట్లు నలభై ఉంటాయేమో. సగంలోనే రాతిగట్టు మీద కూలబడ్డాను.

"నిజం చెప్పు, ఏమవుతోంది నీకు?" అంది మాధవి.

"జెట్ లాగ్," అన్నాను.

మగవాళ్ళ స్నానశాలలో పద్ధతులు కచ్చితంగా ఉన్నాయి. బట్టలన్నీ విప్పి బుట్టలో పెట్టాలి. అన్నీ అంటే అన్నీ. చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళు రుద్దుకుని, సబ్బంతా పోయాకే తొట్టిలో దిగాలి. చేతిలో ఉన్న చిన్న తువ్వాలు నీళ్ళకి తగలకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోవాలి. మానం కాపాడుకునే చోటు అక్కడ నెత్తి కాబోలు. గోడ మీద బొమ్మల బోర్డు ఉంది. తాగి దిగవద్దు, ఎక్కువసేపు ఉండవద్దు, తల తిరిగితే వెంటనే లేవండి అని.

నలభై రెండు డిగ్రీల నీళ్ళు. దిగగానే ఎనిమిది నెలల బడలిక కరిగిపోతున్నట్టే అనిపించింది. ఐదు నిమిషాలకి అరికాళ్ళు జివ్వుమన్నాయి. పాత సాక్సు మడత మళ్ళీ వచ్చింది. లేవబోయాను.

"ఏంటి బావా, అప్పుడే? టెక్సాస్ ఎండల్లో ఉండి, దీనికే అవుటా?"

"అవుట్ కాదురా, సర్దుకుంటున్నా."

"ముందు లేచినవాడు ఫ్యామిలీ గ్రూప్‌లో 'నేను ఓడిపోయాను' అని పెట్టాలి. డీల్?"

బావమరిది ఎదుట ముందుగా లేచే బావ మా ఇళ్ళలో ఇంకా పుట్టలేదు. "డీల్," అన్నాను.

ఇంకాసేపటికి గోడ మీది బొమ్మలు బూడిదరంగులోకి మారాయి. ఆవిరి అనుకున్నాను. ఎడమకన్ను మూసి చూశాను, కుడికన్ను మూసి చూశాను. ఆవిరి కుడికంట్లోనే ఉంది. లేవమని కాళ్ళకి చెప్పాను. లేవలేదు.

"యాక్టింగ్ ఆపు బావా," అని కిరణ్ నవ్వాడు.

ఎదురుగా మెడదాకా మునిగి ఉన్న ముసలాయన మాత్రం నవ్వలేదు. నీళ్ళు చీల్చుకుంటూ వచ్చి, నా చంకల కింద చేతులు వేసి గట్టు మీదికి లాగాడు. అప్పుడు కిరణ్ ముఖం పాలిపోయింది. "బావా, కాళ్ళు కదుపు. బావా, ఒక్కసారి కదుపు!"

కదల్లేదు. నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది దేవుడు కాదు, మా ఊరి హైవే. కుడి కన్ను, కుడి కాలు. ఇక కారు నడపలేనేమో. కారు నడపలేనివాడికి ఇర్వింగ్‌లో ఉద్యోగమే కాదు, పాల క్యాన్ కూడా దొరకదు.

బయట చలిగాలిలో బల్ల మీద పడుకోబెట్టారు. అరగంటలో చూపూ వచ్చింది, కాళ్ళూ వచ్చాయి. ముసలాయన నా చేతిలో చల్లటి కాఫీ పాల సీసా పెట్టి, వేలు ఆడిస్తూ తిట్టాడు. భాష రాకపోయినా ఒక్క తిట్టు కూడా వృథా కాలేదు. గండం గడిచిందన్న సంబరంలో కిరణ్ నా ఎర్రటి ముఖం ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టాడు, "బావ ఉడికాడు" అని. హైదరాబాద్ నుంచి అమెరికాలో ఆష్‌బర్న్ దాకా చుట్టాలందరూ నవ్వుల బొమ్మలు పంపారు.

మాధవికి ఆ సాయంత్రమే సాక్సు దగ్గర్నుంచి అన్నీ చెప్పాను. "నాకు చెప్పడానికి జపాన్ దాకా రావాల్సొచ్చిందా?" అంది.

తిరిగొచ్చాక ఇర్వింగ్‌లో న్యూరాలజిస్ట్ ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగింది. "వేడిలో వచ్చి, చల్లబడగానే పోయిందా?" అవునన్నాను. ఎం.ఆర్.ఐ. తీయించింది. మెదడులోనూ, మెడ దగ్గర వెన్నులోనూ లీజన్స్, అంటే మచ్చలు, ఉన్నాయి. వెన్నులోంచి నీళ్ళు తీసి చేసిన లంబార్ పంక్చర్ కూడా అదే మాట చెప్పింది. మల్టిపుల్ స్క్లెరోసిస్, పొట్టిగా ఎమ్మెస్. నరాల మీది పొర దెబ్బతినే జబ్బు.

"ద హీట్ డిడ్ నాట్ కాజ్ ఇట్," అందామె. లోపల ఉన్నదాన్ని వేడి చూపించిందంతే. ఎం.ఆర్.ఐ. లేని కాలంలో డాక్టర్లు పేషెంటుని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి ఇదే పరీక్ష చేసేవారట. ఆ పరీక్షకి నేను విమానం టికెట్టు కొనుక్కుని వెళ్ళొచ్చాను.

బయటికొచ్చి కార్లో కూర్చున్నాక మాధవితో అన్నాను. "ఎమ్మెస్ కోసమే కదా అమెరికా వచ్చాను. మొదటిది రెండేళ్ళలో అయిపోయింది. ఇది అవదట." ఆమె నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది.

మందు మొదలవడానికి ముందు ఇన్సూరెన్స్‌వాళ్ళు ప్రయర్ ఆథరైజేషన్, అంటే ముందస్తు అనుమతి, ఇచ్చేది లేదన్నారు. డాక్టర్ ఆఫీసు అప్పీలు చేసింది. ఆ వారాల్లోనే అసలైన రిలాప్స్ వచ్చింది, అంటే జబ్బు తిరగబెట్టింది. ఈసారి వేడి లేకుండానే కుడికాలు ఈడ్వడం మొదలైంది. ఐ.వీ. స్టెరాయిడ్స్ ఇచ్చారు. నిద్ర పోయింది, ఆకలి వచ్చింది, డబ్బాడు జంతికలు ఒక్కణ్ణే ఖాళీ చేశాను. "నో డ్రైవింగ్ అంటిల్ ఐ క్లియర్ యూ," అంది డాక్టర్. మూడు నెలలు మాధవి పక్కసీట్లో కూర్చుని, లేని బ్రేకు తొక్కుతూ గడిపాను. తర్వాత అప్పీలు నెగ్గింది. నరంలోకి మందెక్కించే ఇన్‌ఫ్యూజన్ మొదలైంది, ఫిజికల్ థెరపీ మొదలైంది. ఒక గురువారం డాక్టర్ నా కన్నూ, కాలూ పరీక్షించి, "యూ కెన్ డ్రైవ్," అంది. ఆరోజు పార్కింగ్‌లో తాళం తిప్పి, ఇంజిన్ మోత వింటూ కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇప్పుడు ఆరు నెలలకోసారి ఇన్‌ఫ్యూజన్. పగలే డ్రైవ్ చేస్తాను. జులైలో చల్లటి ప్యాకెట్లు కుట్టిన వెస్ట్ తొడుక్కుంటాను. తలంటు మానేశాను. అలసట మాత్రం తగ్గలేదు. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పడుకోకపోతే సాయంత్రం మిగలదు. ఈ నాలుగు ముక్కలు కూడా మూడు రోజులు పట్టి రాశాను.

చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. ఒంట్లో ఏదైనా తేడా వచ్చి దానంతటదే పోతే, పోయిందని కొట్టిపారేయకండి. వచ్చిన తారీఖు, పోయిన తారీఖు, వేడికి పెరిగిందా అన్నది కాగితం మీద రాసి డాక్టరుకి చూపించండి. అంతకంటే ముందు ఇంట్లోవాళ్ళకి చూపించండి.

ఇక కిరణ్ సంగతి. మా థెరపిస్టు నన్ను చల్లటి నీళ్ళలో నడవమంది. మా అపార్ట్‌మెంట్ పూల్‌కి హీటర్ లేదు. మాధవి గట్టున కూర్చుంటే, వారానికి మూడు రోజులు అంచు పట్టుకుని నడుస్తున్నాను. ఒళ్ళు అలవాటుపడింది. ఈ మార్చిలో కిరణ్ మా ఇంటికొచ్చాడు.

"డీల్ ఇంకా తేలలేదు కదా కిరణ్," అన్నాను పూల్‌లోంచి. "అప్పుడు నేను లేవలేదు, నన్ను లేపారు."

"ఇందులోనా? నువ్వుండగలిగితే నేనుండలేనా బావా!" అని దూకాడు.

దూకినంత వేగంగానూ ఎక్కాడు. రెండు తువ్వాళ్ళు చుట్టుకుని, వణికే వేళ్ళతో తనే గ్రూప్‌లో టైప్ చేశాడు, "నేను ఓడిపోయాను" అని. మాధవి ఫొటో తీసింది.

"గెలిచావు కదా, ఇక రా బావా, చూస్తుంటేనే చలేస్తోంది," అన్నాడు.

"నువ్వు పైకెళ్ళి వేడినీళ్ళు పోసుకో," అన్నాను. "నాకింకా నాలుగు రౌండ్లున్నాయి."