పైడమ్మత్త గడ్డం మీది మూడు చుక్కలు

నాలుగేళ్ళుగా ఒక చిన్న ఫొటో నా సొరుగులో ఉంది. చిరిగిపోతే పారేశానని చెప్పాను. చిరగలేదు, పారేయలేదు. మీతో ఎందుకు చెబుతున్నానంటే, చెప్పాల్సిన మనిషికి చెప్పలేకపోయాను.

బెంగాల్లో షాలిమార్ స్టేషన్ దగ్గర మాది ఫొటో స్టూడియో. పాడైన ఫొటోలను కుంచెతో దిద్దడం నాన్న దగ్గర నేర్చుకున్నాను. తర్వాత ఆ పని చేసే సైట్లు ఆన్‌లైన్‌లో పుట్టుకొచ్చాయి. ఒకటి చేతికి అలవాటయ్యేలోపు ఇంకో నాలుగు దిగేవి. నిన్నటి బటన్ ఇవాళ కనపడేది కాదు. బెంగాలీవాళ్ళు ఫోన్ చూపించి "దాదా, మీ దగ్గర ఇది లేదా?" అంటే తల కొట్టేసినట్టుండేది. ఉందనేవాణ్ణి. నిజానికి ఒక్కటీ సరిగా రాదు. కుంచెలు మాత్రం ఎవరి కంటా పడకుండా బీరువా మీదికెక్కించాను.

అప్పుడే పైడమ్మత్త పోయింది. ఓడరేవు డాకులో పనిచేసి రిటైరైన అప్పలస్వామి మావయ్య భార్య. చుట్టాలు కారు, ఒకే లైన్లో ఇళ్ళు. చిన్నప్పుడు ఆమె చేతి అన్నం తిన్నాను. పన్నెండో రోజున దండ వేయడానికి పెద్ద ఫొటో కావాలని, ఆమెకున్న ఒకే ఒక్క ఫొటో మావయ్య తెచ్చిచ్చాడు. బొటనవేలంత. మాసిపోయింది.

ఆ వారమే దొరికిన కొత్త సైట్లో పెట్టాను. నిమిషంలో మొహం తళతళలాడుతూ వచ్చింది. గడ్డం మీద పచ్చబొట్టు లేదు. మూడు చుక్కలు, మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళకు చిన్నప్పుడే పొడిపించేవారు. మరకలనుకుని తుడిచేసింది ఆ సైటు. నేను చూడలేదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను గానీ, చూశాను. వెనక్కి తెప్పించడం చేతకాలేదు. ఏవేవో నొక్కితే మొహమే మారిపోయింది. చివరికి మొదటిదే ఫ్రేమ్ కట్టించాను.

పన్నెండో రోజు పొద్దున మావయ్య ఫ్రేమ్ పట్టుకుని చాలాసేపు చూశాడు.

"గెడ్డం మీద పచ్చబొట్టేటైపోనాదిరా?"

"పాత ఫొటోలోనే నేదు మావయ్యా."

"నేదా? ఏదీ, అదోపాలి సూపించు."

"చిరిగిపోనాది. పారేసినాను."

తిట్టలేదు. "అయితే నానే మర్సిపోనానేటో" అన్నాడు.

మూడు చుక్కలు కుంచెతో పెట్టడానికి ఎంతసేపు? రెండు నిమిషాలు. ఆ ప్రింటు మీదే పెట్టొచ్చు. మరి ఎందుకు తట్టలేదు? తట్టింది. కుంచె తీస్తే వీడికి కొత్తవేవీ రావని లోకానికి తెలిసిపోతుందని సిగ్గు. ఆ పాటి సిగ్గు దాచుకోవడానికి, జీవితమంతా ఆమెతో కాపురం చేసిన మనిషికి ఆమె మొహం మీదే అనుమానం పుట్టించాను. ఆ తర్వాత ఎవరు అత్త సంగతి ఎత్తినా "నాకు సరింగా గ్యాపకం నేదు" అనేవాడు. నా ఎదుటే అన్నాడు. ఫొటో అప్పుడూ నా సొరుగులోనే ఉంది.

మొన్న చలికాలంలో ఆయనా పోయాడు. ఆయన ఫొటోకీ నేనే ఫ్రేమ్ కట్టించాను. వాళ్ళ కూతురు రెండు ఫొటోలూ పక్కపక్కన తగిలించింది. ఈ పాత ఫొటో తీసుకెళ్ళి ఆమెకిస్తానా? తెలియదు. ఇచ్చి నిజం చెప్తే మాత్రం ఆయన వింటాడా?

ఇవాళ సొరుగు తీసి చూశాను.

మూడు సుక్కలూ ఉన్నాయి మావయ్యా. నువ్వేటీ మర్సిపోనేదు.