వడ్డీ లేని అయిదు వందలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కాలు చాపుకోవడానికి చోటుండేది కాదు. సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర వరుసగా పన్నెండు గదులున్న చాల్‌లో మాదొక గది. ఆ గదిలో మేం ముగ్గురం, మాతోపాటు రోజూ నలభై చీరలు. మగ్గం మీంచి దిగిన పూల చీరలకు వెనకవైపు దారాలు వేలాడుతుంటాయి. వాటిని చీర తెగకుండా కత్తిరించి, మడతపెట్టి ఇవ్వడం అమ్మ పని. నాన్న మిల్లులో మగ్గం నడిపేవాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మావాళ్ల ఇళ్లన్నిట్లోనూ ఇదే తీరు, మగవాళ్లకు మగ్గం, ఆడవాళ్లకు కత్తెర. నేను బడి నుంచి రాగానే ఇంకో కత్తెర పట్టుకుని అమ్మ పక్కన కూర్చునేదాన్ని. నావి సన్నటి వేళ్లని చెప్పి అమ్మ జరీ చీరలన్నీ నా వైపే తోసేది. దాన్ని నేను చాలాకాలం పొగడ్త అనుకున్నాను.

చీరలు ఇచ్చే ఆవిడ గుజరాతీ మనిషి. అందరం బెన్ అని, అంటే అక్కా అని, పిలిచేవాళ్లం. ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతల. మా ఆడవాళ్లకు చదువు రాదు కాబట్టి, ఏ మూట ఎవరిదో తెలియడానికి ఇంటికో రంగు గుడ్డపీలిక ఉండేది. మాది పసుపు, పక్కింటి అత్తమ్మది ఎరుపు. మూట దించగానే బెన్ పీలిక చూసి, చీరలు లెక్కపెట్టి, అక్కడికక్కడే పైసలు చేతిలో పెట్టేది.

అమ్మ ఆ పనిలో చేరిందే అప్పుతో. నాన్నకు కామెర్లు వచ్చి నెలన్నర మంచాన పడ్డాడు. అమ్మ మొదట బ్యాంకుకు వెళ్లింది. ఇక్కడి చిరునామా ఉన్న కాగితం తెమ్మన్నారు. మా రేషన్ కార్డు ఊళ్లో ఉంది. ఖాతా ఉన్న మనిషి చేత సంతకం పెట్టించమన్నారు. మా పన్నెండు గదుల్లో ఖాతా ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. అలా రెండుసార్లు తిరిగేసరికి బస్సు చార్జీలు దండగ తప్ప ఒరిగిందేమీ లేదు. బెన్ మాత్రం ఏ కాగితమూ అడగకుండా అయిదు వందలు తీసిచ్చింది. వడ్డీ వద్దంది. చెల్లెలి లాంటిదానివి, నా దగ్గర పని చేసుకో, ఉన్నప్పుడే ఇద్దువులే అంది. ఈ సంగతి ఎవరికీ చెప్పకు, అందరూ వచ్చి మీద పడతారు అని కూడా అంది. చీరకు ఇరవై అయిదు పైసలంటే అమ్మ సరేనంది. నాన్న బతికాడు. ఆ రోజు నుంచి అమ్మకు బెన్ దేవత.

రెండేళ్లు గడిచినా ఆ అయిదు వందలు అలాగే ఉండిపోయాయి. వచ్చింది వచ్చినట్టు తిండికీ కిరాయికీ సరిపోయేది. పని మానుకుని వేరేచోటికి పోదామన్నా అప్పు తీర్చకుండా ఎలా పోతాం? చివరికి అమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. అయిదో తరగతి పరీక్షలయ్యాక నేను బడి మానేయాలి, పొద్దంతా కత్తెర పట్టాలి, అప్పు తీరాక మళ్లీ చూద్దాం. నాకు లెక్కలంటే ప్రాణం. మూడు రోజులు ఏడ్చాను. నాతోపాటు అమ్మ కూడా ఏడ్చింది కానీ మాట మాత్రం మార్చలేదు.

నాలుగో రోజు ఏడుపు మాని గడపలో కూర్చుని లెక్కలు వేయడం మొదలుపెట్టాను. నలభై చీరలకు పది రూపాయలు. నేను ఇంకో ఇరవై చేస్తే పదిహేను. ఆ పైన వచ్చే అయిదూ దాస్తే ఎన్ని రోజులకు మళ్లీ బడికి పోవచ్చో పైకే లెక్కపెట్టుకుంటున్నాను. పక్కింటి అత్తమ్మ నీళ్ల బిందెతో అటే వస్తూ ఆగింది. అత్తమ్మ నోరు చాల్ మొత్తానికీ తెలుసు. నల్లా దగ్గర ఆవిడ అరిస్తే అవతలి వీధివాళ్లు కూడా బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లు.

"ఏంది బిడ్డా, నలభై చీరలకు పది రూపాలేనా?"

అవునన్నాను. ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. అత్తమ్మ మాట్లాడకుండా వెళ్లడం నేనెన్నడూ చూడలేదు. కొంచెం భయం కూడా వేసింది.

మరునాడు నేను మూట నెత్తిన పెట్టుకుని బయల్దేరుతుంటే వీధి మలుపులో పట్టుకుంది. మా పసుపు పీలిక విప్పి కొంగున ముడేసుకుంది. తన ఎర్ర పీలిక మా మూటకు కట్టింది. "ఇయ్యాల ఇది నా మూటని చెప్పు. నాకు జరమొచ్చిందని చెప్పు. ఇంకేం మాట్లాడకు" అంది. నేను అలాగే చెప్పాను. బెన్ పీలిక చూసింది, నలభై చీరలు లెక్కపెట్టింది, నా చేతిలో పన్నెండు రూపాయలు పెట్టింది. దారంతా ఆ నోట్లు మళ్లీ మళ్లీ లెక్కపెడుతూ ఇంటికి పరుగెత్తాను. బెన్ పొరబాటున ఎక్కువిచ్చిందనే నేననుకున్నాను.

సంగతి విన్న అమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "నా బిడ్డను దొంగను చేసినవ్ వదినె! నా మొగని పానం కాపాడిన మనిషినే మోసం చేయిస్తవా?" అని గొంతు పెంచింది. అమ్మ అత్తమ్మ మీద గొంతెత్తడం అదే మొదలు, అదే ఆఖరు.

అత్తమ్మ మాత్రం చాలా నెమ్మదిగా మాట్లాడింది. "మోసమెక్కడిదే? చీరలు నీయే, కత్తెర నీదే, చేతులు మీ తల్లీబిడ్డలయి. గుడ్డపీలికే మారింది. చీరకు ఐదు పైసలు ఎక్కువొచ్చినయ్. మా అందరికీ ముప్పై పైసలే ఇస్తది. నీకే తక్కువ. ఎందుకో ఇగ నువ్వే చెప్పాలె."

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. అప్పు గురించి అప్పుడు చెప్పింది. రెండేళ్లుగా కృతజ్ఞతతో దాచుకున్న మాట అది. అప్పుంటే చెప్పుకోరు, రేటు ఒకరినొకరు అడగరు, మావాళ్ల అలవాటే అంత. చాల్‌లో ఎవరింట్లో ఏ కూర వండారో అందరికీ తెలిసేది, ఎవరికి చీరకు ఎంత పడుతుందో మాత్రం తెలిసేది కాదు.

అత్తమ్మ ఇంట్లోకి వెళ్లి పప్పు డబ్బా తెచ్చింది. బతుకమ్మకు ఊరికి పోదామని దాచుకున్న పైసలు అందులో ఉన్నాయి. అయిదు వందలు లెక్కపెట్టి అమ్మ ఒళ్లో పెట్టింది. అమ్మ కళ్లొత్తుకుంటుండగానే, "మిత్తి నూటికి రూపాయి, నెలనెలా" అంది.

అమ్మ మొహం చిన్నబోయింది. దేవత అనుకున్న బెన్ వడ్డీ అడగలేదు, ఇంటిమనిషి లాంటి అత్తమ్మ అడుగుతోంది. అత్తమ్మ నా వైపు తిరిగి, "లెక్కలన్న లెక్కలని ఏడుస్తవు గదా, చెయ్యి లెక్క" అంది. పలక తెచ్చాను. రోజుకు రెండు రూపాయల కోత, నెలకు పాతికరోజుల పని, యాభై రూపాయలు. అది బెన్ అప్పుకు మేం కడుతున్న వడ్డీ. అదే అయిదు వందలకు అత్తమ్మ వడ్డీ నెలకు అయిదు. నేను మళ్లీ చేశాను. మళ్లీ అదే వచ్చింది. అంత కోపం నాకు అంతవరకూ ఎప్పుడూ రాలేదు. మేం ఏ తప్పూ చేయలేదు. చేతిలో పైసలు లేకపోవడానికే రోజుకు రెండు రూపాయలు జరిమానా కట్టాం.

అమ్మ బాకీ చెల్లించడానికి వెళ్తే బెన్ నోట్లు లెక్కపెట్టుకుంటూ తన సంగతి చెప్పుకుందట. తనకు చీరలిచ్చే బజారు సేఠ్ దగ్గర తనూ అడ్వాన్సు తెచ్చిందట, ఆయన ఆమె రేటులో కోస్తాడట. అందుకే ఆవిణ్ణి తిట్టడానికి నాకిప్పటికీ నోరు రాదు. మర్నాటి నుంచి మాకూ ముప్పై పైసలు వచ్చాయి. పైన మిగిలిన యాభైనీ నెలనెలా అత్తమ్మకు కట్టాం. రెండేళ్లు కదలని అప్పు పదకొండో నెలకు తీరిపోయింది. నేను బడి మానలేదు. అత్తమ్మ ఆ ఏడు ఊరికి పోలేదు. వచ్చిన వడ్డీ ముప్పై రూపాయలు కూడా లేదు. దాంతో అమ్మను వెంటబెట్టుకుపోయి మరీ గాజులు కొనుక్కుంది, నెలరోజులు అమ్మ ముందే గలగలలాడించింది. అమ్మ కూడా పడీపడీ నవ్వేది.

ఇప్పుడు నాకు అరవై దగ్గరపడింది. ఇక్కడే భోజనం డబ్బాలు పంపే చిన్న మెస్ నడుపుతున్నాను. వంటకు సాయం చేసే అమ్మాయి మొన్న రెండు వేలు అడ్వాన్సు అడిగింది. ఖాతాలో ఉండాల్సినంత లేదని బ్యాంకువాళ్లు ఉన్న కాసిన్ని పైసల్లోంచే కోసుకున్నారట, కిరాయికి తక్కువపడింది. వడ్డీ లేని అప్పంటూ ఫోన్‌లో ఏదో వస్తే, నొక్కబోయి ఆగి నా దగ్గరికొచ్చింది. పైసలు తేవడానికి లేచాను. నిజం చెప్పొద్దూ, బీరువా దాకా నడిచిన ఆ నాలుగడుగుల్లోనే, దసరాకు పెంచుతానన్న జీతం ఈసారికి పెంచకపోయినా ఈ పిల్ల నోరెత్తదు కదా అనిపించింది. చాలా సిగ్గేసింది. తిరిగొచ్చి ఎదురుగా కూర్చుని చెప్పాను. మిత్తి నూటికి రూపాయి, జీతంలో పైసా కోత ఉండదు, దసరాకు పెంచేది పెంచుతాను. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. అక్క మిత్తి అడుగుతుందనుకోలేదు పాపం. ఊరికే ఇచ్చి మంచిదాన్ననిపించుకోవడం ఎంత తేలికో నాకప్పుడు తెలిసింది. అప్పు ఖరీదు ఎంతో ఎదుటి మనిషి మొహం మీదే చెప్పడం ఇన్నేళ్లయినా నాకు కష్టంగానే ఉంటుంది. అయినా చెబుతాను.