ట్యూబు మామ కావడి

ట్యూబు మామ పంచరు అంగడి మూసేసినాడని నాకు మొదట చెప్పింది మా తోడికోడలు. పూలకని తిరువళ్ళూరు బజారుకు పోయి వచ్చి, చేతిసంచి కింద పెట్టకముందే చెప్పింది. "మోకాళ్ళు పడిపోయినాయంట అక్కా. కూర్చుంటే లేవలేడంట." నా చేతిలోని పూలదారం అక్కడే ఆగిపోయింది.

మామ మాకు చుట్టం కాడు. మా ఆయన నాయన కొన్న, ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు లారీకి మొదటినుంచీ చక్రాలు చూసిన మనిషి, అందుకని ఇంటిల్లిపాదికీ మామ. ఆ లారీ ఇప్పుడు బాడుగలకు పోదు. ఏడాదంతా మండీ వెనక టార్పాలిను కప్పుకుని పడుకుంటుంది. ఆడి నెలలో వచ్చే మురుగన్ పండగ ఆడికృత్తికకు మాత్రం లేచి, తిరుత్తణి కొండకు కావళ్ళు మోసుకుని నడిచిపోయే జనం వెంట అన్నం మోస్తుంది. దాని చక్రాలు పాతకాలపువి: టైరు లోపల ట్యూబు, ట్యూబుకు వంకీ తిరిగిన వాల్వు, అంచున ఇనుప రింగు. గాలి పట్టేటప్పుడు ఆ రింగు ఎగిరిందంటే ఎదురుగా ఉన్నవాడు దక్కడు. అందుకే మామ మా అందరినీ వసారాలోకి తోలేసి, చక్రానికి గొలుసు చుట్టి, "మురుగా" అనుకుని గాలి పట్టేవాడు. మా అత్త వసారాలోంచే కర్పూరం చూపించేది. అది చక్రానికో, మామకో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఇద్దరికీ చెల్లిందనే అనుకుంటాను.

పోయిన ఏడు ఆడికృత్తికకు ముందు ట్యూబులు మార్చాల్సి వచ్చింది. తన కూతురు కాన్పు గండం దాటినందుకు మామ కావడి మొక్కుకుని, మాల వేసుకుని ఉన్నాడు. వ్రతంలో ఉన్న మనిషికి గ్రీసు పని చెప్పడం పాపమని మా ఆయన చక్రాలను కొత్త అంగడికి పంపించాడు. నాకూ అది మర్యాదగానే తోచింది. ఆ చక్రాలు తన అంగడి ముందు నుంచే దొర్లుకుంటూ పోవడం మామ చూశాడని తర్వాత తెలిసింది.

తిరుత్తణి కొండ కనబడే చోట, మేము ఎక్కిపోతున్న లారీ ఒరిగిపోయింది. వెనక, లోపలి చక్రం. కొత్త అంగడివాళ్ళు వేసిన ట్యూబుకు వంకీ లేని నిటారు వాల్వు; అది బ్రేకు డ్రమ్ముకు రాసుకుని రాసుకుని తెగింది. అన్నం నింపిన పెద్ద గుండాలు ఇక్కడ ఎండలో, పస్తులతో నడిచొచ్చిన జనం అక్కడ కొండ కింద. మా వెనకనే పూలకావడి భుజాన పెట్టుకుని మామ వచ్చాడు. మా ఆయన మామ మొహం చూడలేక, వ్రతంలో ఉన్నావని పిలవలేదని చక్రంతో చెబుతున్నట్టుగా నసిగాడు.

"గ్రీసంటే దేముడికి భయమని నాకు తెలీదు నాయనా," అన్నాడు మామ. నా వైపు తిరిగాడు. "కోడలా, నువ్వూ పస్తే గదా. దీన్ని పట్టుకో. నేలకు ఆనించబాక. కొండెక్కించేయ్."

"మొక్కు నీది గదా మామా."

"మొక్కూ నాదే. ఆ చక్రమూ నాదే."

ఎత్తుకున్న కావడిని గుడిలో తప్ప దించకూడదు. అది నా భుజానికి మారింది. మామ అన్నం గుండా కింద చుట్టకుదురుగా పెట్టిన పాత ట్యూబును లాక్కుని, దాని వంకీ వాల్వును పంచెకొంగుతో తుడుస్తూ రోడ్డు మీద చతికిలబడ్డాడు.

నేను కొండ మెట్లెక్కాను. కావడి మోసేవాళ్ళ కాళ్ళకు పసుపునీళ్ళు పోసి దణ్ణం పెట్టడం అక్కడి ఆచారం. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు నా కాళ్ళకు పోశారు. ఒక ముసలామె పాదాలు తాకి కళ్ళకద్దుకుంది. కాళ్ళు వెనక్కి లాక్కుందామంటే భుజాన కావడి. నాది కాదమ్మా అని చెప్పేలోపే వెనకవాళ్ళు నన్ను పైమెట్టుకు తోసేశారు. దేవుడి ముందు అంత సిగ్గుతో నేనెప్పుడూ నిలబడలేదు.

దిగి వచ్చేసరికి స్వామి దయవల్ల, మామ దయవల్ల, అన్నం వడ్డిస్తున్నారు. మామ చేతులు మోచేతులదాకా నలుపు. నేను విభూది చాపితే, చెయ్యి పట్టలేక నుదురు వంచాడు. నేనే పెట్టాను. వచ్చే ఏడు తానే ఎక్కుతానన్నాడు.

వచ్చే ఏడు వచ్చింది. మోకాళ్ళు లేవు. ఆయన ఎక్కాల్సిన మెట్లు నేనెక్కేశాను, వాటిని తిరిగి ఆయనకిచ్చే దారి కాలం ఉంచలేదు. ఇది చదివినవాళ్ళు ఎప్పుడైనా తిరుత్తణి కొండెక్కితే, మీ కాళ్ళ మీద పసుపునీళ్ళు పడినప్పుడు, మా ట్యూబు మామను ఒక్కసారి తలచుకోండి.